పోరంకి పొయ్యి

మా ఆయనకి వాసన తెలియడం లేదన్న సంగతి నేను గేటు దగ్గర కనిపెట్టాను. నవంబరు ఆఖరులో ఒక శుక్రవారం. మా ఇంట్లో శుక్రవారమంటే చేపల పులుసు, పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. ఆయన షాపు కట్టేసి వచ్చి, గేటు తీస్తూనే గట్టిగా గాలి పీల్చి, అది ఏ చేపో కూడా చెప్పేవాడు. ఆ శుక్రవారం మార్కెట్టుకి వెళ్ళే తీరిక లేక పెసరపప్పు, కాకరకాయ వేపుడుతో సరిపెట్టాను. ఆయన గేటు తీసి, ఆగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు.

"కొరమీను కదా. వీధి చివరి దాకా వస్తోంది" అన్నాడు.

నేను గుమ్మంలో కూర్చుని జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాను. తలెత్తకుండా కాళ్ళు కడుక్కుని రమ్మన్నాను. కంచంలో పప్పు చూసి ఆయన ముఖం ఎలా మారిందో నేను చూడలేదు, చూడకూడదనే అటు తిరిగి మజ్జిగ కలిపాను. ఆయన తిని లేచాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకి వాసన పోయింది. ఆర్నెల్లకి తిరిగొచ్చిందన్నాడు, నేను ప్రార్థన కూడా పెట్టించాను. అంటే మూడేళ్ళుగా ఆ మనిషి నేను ఏ రోజు ఏం వండుతానో బట్టీపట్టి, రోజూ గేటు దగ్గర అప్పజెబుతున్నాడన్నమాట. కోపం వచ్చింది. దాని వెనకే జాలి కూడా వచ్చి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలే ఉండిపోయాయి.

ఇంకొకరి మొగుడికైతే ఇది అంత పెద్ద సంగతి కాదు. మల్లెపూల వాసన తెలియకపోతే ఎవరి ప్రాణమూ పోదు. మా ఆయన గ్యాస్ పొయ్యిల మెకానిక్. బెంజ్ సర్కిల్ వెనక సందులో షాపు. బోర్డు మీద 'యేసుబాబు గ్యాస్ స్టవ్ సర్వీస్' అని ఉన్నా, పటమట నుంచి కానూరు దాకా అందరూ ముక్కు యేసుబాబు అనే అంటారు. వంటింటి గుమ్మంలో నిలబడి, లీకు రెగ్యులేటర్ దగ్గరో, ట్యూబు దగ్గరో, నాబ్ దగ్గరో చెప్పేసేవాడు. తోటి మెకానిక్కులు సబ్బునురగ రాసి బుడగలు వస్తాయేమోనని కాచుకుని కూర్చుంటే ఈయనకి నవ్వు. దేవుడు ముక్కిచ్చాక సబ్బెందుకురా అని వాళ్ళ మొహం మీదే అనేవాడు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పనిసంచీ తీసి చూశాను. రెంచీల కింద, చేతిరుమాల్లో చుట్టి, చిన్నపిల్లల షాంపూ సీసా ఒకటుంది. మూత తీస్తే సబ్బునీళ్ళు.

అప్పుడు గుర్తొచ్చింది డయానా అన్న మాట. డయానా పక్కవీధిలో ఉంటుంది, ఆస్పత్రిలో నర్సు, నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. "మీ ఆయనకి ఒకసారి షుగర్ టెస్టు చేయించు అక్కా. మా పొయ్యి చూడ్డానికి వచ్చి రెండుసార్లు మంచినీళ్ళు అడిగాడు, ఎప్పుడొచ్చినా ఇంతే" అని నవ్వింది. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ దాహం ఏమిటో అర్థమైంది. ఇంటావిడ నీళ్ళు తేవడానికి అటు వెళ్ళగానే ఈయన సీసా తీసి, అతుకుల దగ్గర నురగ రాసి, బుడగలు చూసుకుని, తుడిచేసి, ఆవిడ వచ్చేసరికి గాలి పీలుస్తూ నిలబడతాడు.

అడిగేయొచ్చు కదా అనిపిస్తుంది వినేవాళ్ళకి. నాకూ అనిపించింది. నోటి దాకా వచ్చి ఆగేది. ఈయన పరువంతా ఆ ముక్కు మీద ఉంది, ఆ పేరు తీసేస్తే సందులో నలుగురు మెకానిక్కుల్లో ఒకడు. సీసా ఉంది కదా, జాగ్రత్తగానే చేస్తున్నాడు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. క్రిస్మస్ నాడు కేకు నోట్లో పెట్టుకుని వెనిలా కాస్త ఎక్కువైందన్నాడు. నేను ఆ ఏడు వెనిలా వేయనే లేదు. దానికీ తలూపి ఊరుకున్నాను. నా తప్పు ఏదైనా ఉంటే అక్కడే ఉంది.

పోరంకి ఇంటి పని ఆ క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు వచ్చింది. రామకోటేశ్వరరావు గారిది ఉయ్యూరు దగ్గర పల్లె, తాతల నాటి నుంచీ చెరకు రైతులు. కొడుకు లక్ష్మీకాంత్ మంగళగిరి వైపు వెంచర్లు వేసి బాగా పైకొచ్చాడు. బందరు రోడ్డుకి లోపలగా పెద్ద ఇల్లు కట్టించి, తల్లిదండ్రుల్ని తెచ్చి తనతో పెట్టుకున్నాడు. ఆ ఇంటి హాల్లో, గోడలో, గ్యాస్‌తో మండే ఫైర్‌ప్లేస్ పెట్టించాడు. ముందు అద్దం, లోపల పింగాణీతో చేసిన కట్టెలు, కింద బర్నరు. పోరంకిలో చలంటే పొద్దున రెండు గంటలు పడే మంచే కాబట్టి, ఏసీ ఇరవైలో పెట్టి, అప్పుడు పొయ్యి వెలిగించేవాళ్ళు. మా ఆయన ఆ సంగతి చెప్పినప్పుడు నవ్వాపుకోలేకపోయాను.

ఆ పొయ్యి అద్దం నల్లగా మసిపట్టింది. పెట్టిన కంపెనీ వాళ్ళు హైదరాబాద్ నుంచి రావాలి, వాళ్ళు సంక్రాంతి దాటాక చూద్దామన్నారట. జనవరి ఎనిమిదిన మనవరాలు చిన్ని ఐదో పుట్టినరోజు. హాలు నిండా జనం, అద్దం వెనక మంట, ముందు కేకు, అదీ లక్ష్మీకాంత్ సరదా. అందుకని ముక్కు యేసుబాబుకి కబురొచ్చింది.

ఆ మొదటి రోజు ఏం జరిగిందో ఆయన తరవాత నాతో చెప్పాడు. ఆయన వెళ్ళేసరికే టీపాయ్ మీద జగ్గు, గ్లాసు, బిస్కెట్లు పెట్టి ఉన్నాయి. రామకోటేశ్వరరావు గారు, పద్మావతమ్మ గారు ఎదురుగా సోఫాలో కూర్చున్నారు, టీవీ ముందు కూర్చున్నట్టు. మంచినీళ్ళు అడగడానికి వీల్లేదు. వాళ్ళు లేవరు. ఈయన అద్దం విప్పి, కట్టెలు తీసి, ట్రే బయటికి లాగడానికి గ్యాస్ పైపు నట్టు వదులు చేశాడు. బర్నరు మీద నల్లటి పెచ్చు కనిపిస్తే మసే అనుకుని పైపైన బ్రష్షు కొట్టాడు. అద్దం మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. అన్నీ తిరిగి బిగించాడు. ఇక సీసా తీయాలి.

"ఏదయ్యా, నీ ముక్కు పనితనం మా ఆవిడకి చూపించు" అన్నారట పెద్దాయన. ఎవరి దగ్గర విన్నారో ఏమో.

ఈయన వంగి, పైపు దగ్గర గాలి పీల్చి, ఏం లేదండి అన్నాడు. అలా అని బ్యాగు సర్దుకుని వచ్చేశాడు. సీసా రుమాల్లోనే ఉండిపోయింది.

పని బాగా జరిగిందని మాత్రమే నాతో అన్నాడు ఆ సాయంత్రం. పద్మావతమ్మ గారికి నాలుగు మంగళగిరి పట్టుచీరలకి జాకెట్లు కుట్టాలట, ఈసారి నన్ను కూడా తీసుకురమ్మన్నారని చెప్పాడు.

నాలుగు రోజులకే అద్దం మళ్ళీ నల్లబడింది. వాళ్ళు విసుక్కుని వెలిగించడం మానేశారు. నాబ్ ఆపేశారు గానీ పెరట్లో సిలిండరు దగ్గర వాల్వు కట్టాలని ఎవరికీ తోచలేదు. కొత్త సంవత్సరం హడావుడి తగ్గాక జనవరి ఐదున ఫోన్ చేశారు. నేను టేపు, పుస్తకం, సూదుల డబ్బీ సంచీలో వేసుకుని స్కూటర్ వెనక ఎక్కాను. జాకెట్లు ఒక వంక. ఆ ఇంట్లో ఈయన ఎలా పనిచేస్తాడో నా కళ్ళతో చూడాలనే వెళ్ళాను.

హాలు పెద్దది. కిటికీలన్నీ మూసి, తెరలు దించి, ఏసీ వేసి ఉంది. గుమ్మంలోనే సాంబ్రాణి వాసన గుప్పున తగిలింది. పద్మావతమ్మ గారు మనిషి నెమ్మది. సోఫా పక్కన నిలబడి చేతులు చాపి కొలతలు ఇస్తూ, పొయ్యి ఆపేసిన దగ్గర్నుంచీ ఈ హాల్లో ఏదో వాసన, ఆ గోడపొయ్యి వెనక ఎలుక చచ్చిందేమోనమ్మా అన్నారు. అందుకే పూజగదిలో రెండు పూటలా సాంబ్రాణి ఎక్కువ వేస్తున్నారట. చిన్ని పొయ్యి ముందు చాప మీద కూర్చుని రంగుపెన్సిళ్ళతో ఇల్లు గీస్తోంది.

మా ఆయన పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అద్దం విప్పి పక్కన పెట్టాడు. ముందు వెలిగించి మంట రంగు చూడాలి, అప్పుడే రోగం ఎక్కడుందో తెలుస్తుందని రామకోటేశ్వరరావు గారికి చెబుతున్నాడు. నేను పద్మావతమ్మ గారి నడుం కొలత రాసుకోవడానికి పుస్తకం కోసం వంగాను. నేల దగ్గర సాంబ్రాణి పలచబడి, దాని కింద వేరే వాసన తగిలింది. ఇరవై రెండేళ్ళు గ్యాస్ మెకానిక్‌తో కాపురం చేశాను, ఆ వాసన నాకు కొత్త కాదు.

ఆయన చేతిలో పొడుగు లైటరు ఉంది. బర్నరు దగ్గరికి వెళుతోంది.

"ఏవండీ, ఆగండి" అన్నాను.

గట్టిగా కూడా అనలేదు. ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి పొయ్యి వైపు కాదు, నా వైపు చూశాడు.

"గ్యాస్" అన్నాను.

రామకోటేశ్వరరావు గారు నవ్వారు. "నీ ముక్కుకి అందనిది మీ ఆవిడకి అందిందా యేసుబాబూ" అన్నారు.

మా ఆయన లైటరు నేల మీద పెట్టాడు. చిన్నిని ఎత్తి పద్మావతమ్మ గారి చేతికిచ్చి, అందరినీ వరండాలోకి వెళ్ళమని, ఏ స్విచ్చీ ముట్టుకోవద్దని చెప్పాడు. పెరట్లోకి వెళ్ళి వాల్వు కట్టేశాడు. నేను తెరలు లాగి కిటికీలు ఒక్కొక్కటే తీశాను. పద్మావతమ్మ గారు పాపని చంకనేసుకుని, పూజగదిలోంచి నిప్పులున్న సాంబ్రాణి పళ్ళెం హాల్లోకి రానీయకుండా పెరటి గుమ్మం గుండా తెచ్చి, మెట్ల మీద పెట్టి, దాని వంకే చూస్తూ నిలబడ్డారు. అన్నాళ్ళూ రెండు పూటలా ఆ నిప్పులతో ఆ హాల్లోనుంచే నడిచివెళ్ళారు ఆవిడ.

అరగంట అయ్యాక, గాలి బాగా ఆడాక, మా ఆయన పెద్దాయన్ని లోపలికి పిలిచాడు. సంచీలోంచి రుమాలు విప్పి షాంపూ సీసా తీశాడు. అందరూ చూస్తుండగానే తీశాడు. వాల్వు ఒక క్షణం తెరిపించి, పైపు నట్టు మీద నురగ రాశాడు. చిన్న చిన్న బుడగలు వరసగా లేచాయి.

"ఈ నట్టు బిగించింది నేనేనండి. నాకు మూడేళ్ళ నుంచీ వాసన తెలీదు. సబ్బు పెట్టి చూసుకునేవాణ్ణి, ఆ రోజు మీ ముందు తీయడానికి సిగ్గేసింది" అన్నాడు.

రామకోటేశ్వరరావు గారు వరండాలో ఉన్న చిన్ని వైపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పిల్ల తిరిగే ఇల్లయ్యా ఇది" అన్నారు, మెల్లగా.

మా ఆయన తల దించుకుని, అవునండి అన్నాడు. అప్పుడు నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో, ఆయన్ని అక్కణ్ణుంచి చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలని కూడా అంతగానే అనిపించింది. పెద్దాయన సోఫాలో కూర్చుని, మొదలుపెట్టావుగా, పూర్తిచేసి వెళ్ళు అన్నారు.

నట్టు బిగించడం రెండు నిమిషాల పని. మసి ఎందుకు పడుతోందో తేలాలి. ఆయన కట్టెలు ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే నేను పక్కన కూర్చుని అందుకున్నాను. ఒక కట్టె మీద పసుపు, కుంకుమ బొట్లు ఉన్నాయి. ట్రే బయటికి లాగాడు. బర్నరు మీద నల్లటి పెచ్చుని స్క్రూడ్రైవరుతో గీకాడు. నా ముక్కుకి వాసన అందింది. వెంటనే పోల్చుకోలేకపోయాను, అక్కడ ఉండాల్సిన వాసన కాదు మరి. మళ్ళీ వంగి చూశాను.

"అమ్మగారూ, దీని మీద ఎప్పుడైనా పాలు కాచారా?" అన్నాను.

పద్మావతమ్మ గారు గుమ్మంలోనుంచే, కాచామమ్మా, గృహప్రవేశానికి అన్నారు, అందులో అడగడానికేముందన్నట్టు.

వాళ్ళ వంటింట్లో ఉన్నది కరెంటు పొయ్యి. అద్దంలా ఉంటుంది, మంట రాదు. పాలు పొంగించాల్సిన ముహూర్తానికి పంతులు గారు నిప్పు ఏదమ్మా అని అడిగారట. ఇల్లంతా వెతికితే నిప్పున్నది ఈ గోడపొయ్యిలోనే. కట్టెలు పక్కన పెట్టి, మూడు ఇటుకలు పేర్చి, కొత్త ఇత్తడి గిన్నెలో అయిదు లీటర్ల పాలు పెట్టారు. పొంగేదాకా నిలబడ్డారు.

"తూర్పుకే పొంగాయి. అందరూ ఎంత సంతోషించారో" అన్నారు ఆవిడ.

పొంగిన పాలన్నీ బర్నరు కన్నాల్లోకి దిగి, మాడి, గట్టిపడ్డాయి. తరవాత కట్టెల్ని మన పల్లెటూరి పొయ్యిలో పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిండుగా పేర్చారు. ఇక మంటకి గాలెక్కడిది, మసి పట్టక ఏమవుతుంది. హైదరాబాద్ వాళ్ళకి ఫోన్లో ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. శుభం జరిగిన చోట తప్పు ఉందని ఎవరనుకుంటారు? రామకోటేశ్వరరావు గారికి అప్పుడు నవ్వొచ్చింది. మా ఆయన ఒక్కడే నవ్వలేదు. మాడిన పాల వాసన ఆయన వృత్తిలో మొదటి పాఠం. ముక్కుంటే మొదటి రోజే తెలిసేది.

"నీ దగ్గర సన్న సూదుందా?" అన్నాడు నాతో, తల తిప్పకుండా.

డబ్బీ విప్పాను. ఆయన బ్రష్షుతో గీకుతుంటే నేను బర్నరు కన్నాలు ఒక్కొక్కటే సూదితో పొడిచి శుభ్రం చేశాను. కన్నం పెద్దది కాకూడదు, సూది తిప్పకుండా నేరుగా పెట్టి తీయాలని చూపించాడు. నా ఎడమచేతి వేళ్ళు నల్లబడ్డాయి. కంపెనీ పుస్తకంలో బొమ్మ చూసి, ఏ కట్టె ఎక్కడుండాలో అక్కడ పెట్టాడు. వాల్వు తెరిచి, ప్రతి అతుక్కీ నురగ రాశాడు. అప్పుడు లైటరు తీసుకుని ఆగాడు.

"మార్తా, చూడు" అన్నాడు.

వంగి గాలి పీల్చి, ఏం లేదన్నాను. వెలిగించాడు. అడుగున నీలంగా, పైన పసుపుగా మంట సన్నగా లేచింది. చిన్ని చప్పట్లు కొట్టింది.

ఆ పుట్టినరోజు బాగా జరిగిందని పద్మావతమ్మ గారు ఫోన్ చేశారు. మా ఇంట్లో మాత్రం ఆ నెల బాగా గడవలేదు. దాచమని మేం ఎవరినీ అడగలేదు, వాళ్ళూ దాచలేదు. బెంజ్ సర్కిల్ సందులో మాట తిరిగింది. సబ్బు రాసుకునే మెకానిక్కులకి ఇప్పుడు ఈయన్ని చూసి నవ్వే వంతొచ్చింది. ఫోన్లు తగ్గాయి. డయానా మాత్రం వచ్చి, షుగర్ లేదన్నమాట అని, తన స్టవ్ మళ్ళీ ఒకసారి చూసివెళ్ళమంది.

ఆయన నాతో కూడా పొడిపొడిగానే మాట్లాడేవాడు. ఆ రోజు స్కూటర్ మీద వస్తూ, నీకు ఎప్పట్నుంచి తెలుసని అడిగాడు. కాకరకాయ శుక్రవారం నుంచి అన్నాను. మరి చెప్పలేదేం అన్నాడు. మీరు చెబుతారని చూశానన్నాను. అంతే, ఇల్లొచ్చింది. ఆ తరవాత గేటు దగ్గర గాలి పీల్చడం మానేశాడు. వచ్చేవాడు, కంచం ముందు కూర్చునేవాడు, పెట్టింది తినేవాడు. ఉన్నమాట చెప్పాలి, ఆ అబద్ధం లేని ఇల్లు నాకు బోసిగా అనిపించింది.

జనవరి మూడోవారంలో నేనే కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, పొద్దున పూట ఆయనతో స్కూటరెక్కాను. రావద్దనలేదు, రమ్మనలేదు. గుమ్మంలోనే సబ్బుసీసా బయటికి తీసి పట్టుకోవాలని, ఆయన నురగ రాయాలని, నేను వాసన చూడాలని, రెండూ అయితే గానీ లైటరు ముట్టుకోకూడదని నా షరతు. మొదట్లో ఇంటావిడలు వింతగా చూసేవాళ్ళు. తరవాత నన్నే వంటింట్లోకి పిలవడం మొదలుపెట్టారు. రెగ్యులేటర్ వాషర్ మార్చడం నేర్చుకున్నాను. జాకెట్లు మధ్యాహ్నానికి జరిగాయి.

ఫిబ్రవరి ఆఖరుకి ఎండ ముదిరింది. రామకోటేశ్వరరావు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఇక పొయ్యి అవసరం లేదు, వేసవికి కట్టేసి వెళ్ళండి అన్నారు. 'వెళ్ళు' అనకుండా 'వెళ్ళండి' అన్నారు, మీ ఆవిడ్ని కూడా తీసుకురా అని మళ్ళీ అన్నారు. వెళ్ళాం. వాల్వు కట్టి, అద్దం తుడిచి, బయటి పొగగొట్టం మూతికి పిచ్చుకలు దూరకుండా జాలీ బిగించాం. అతుకుల దగ్గర ఆయన పని అయ్యాక పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. పెద్దాయన చూస్తూ కూర్చున్నారు. వచ్చేటప్పుడు పద్మావతమ్మ గారు వచ్చే డిసెంబరుకి మీరే రావాలన్నారు.

ఇంటికి వచ్చేసరికి అయిదయింది. పొద్దునే వండి పెట్టి వెళ్ళాను. నేను తాళం తీస్తున్నాను, ఆయన స్కూటర్ స్టాండు వేసి గేటు మూశాడు. మూసి అక్కడే నిలబడ్డాడు. పాత అలవాటు మీద ఛాతీ కాస్త పైకి లేచింది, మధ్యలోనే ఆగిపోయింది.

"ఏం వండావు?" అన్నాడు.

నేను తాళంచెవి తలుపుకే వదిలేసి ఆయన వైపు తిరిగాను. చింతచిగురు, రొయ్యలు అని చెప్పాను. చిగురు లేతది, పులుపు వాసన పలచగా ఉంటుందని, తాలింపులో వెల్లుల్లి ఒక రెబ్బ ఎక్కువ ఎర్రబడిందని, రొయ్యల వాసన కింద ఉంటే దాని మీద కరివేపాకు తేలుతుందని చెప్పాను. ఆయన గేటు పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"ఇంకా?" అన్నాడు.